టక్‌మనగానే ఆగండి: చవక టార్క్ రెంచ్‌తో ఇంట్లో సైకిల్ బోల్టులు బిగించుకోవడం

బోల్టు థ్రెడ్ పోయేటప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో ఒక్కసారి అనుభవమైతే ఇక మర్చిపోరు. బిగుస్తూ బిగుస్తూ వస్తున్న అలెన్ కీ, ఇంకో పావు చుట్టు తిప్పుదాం అనుకునేసరికి ఉన్నట్టుండి తేలికైపోతుంది, వెన్నలో చెంచా తిప్పినట్టు. నాకది రాత్రి పదింటికి అయింది. తెల్లారి అయిదింటికి హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని రామప్పకు పోవాలని టైర్లలో గాలి నింపి, సీసాలు కడిగి పెట్టుకుని, చివరగా హ్యాండిల్ ఒకసారి చూద్దామని కూర్చున్నాను. హ్యాండిల్‌ను ముందు ఫోర్కుకు పట్టే ముక్క స్టెమ్, దాని ముందుప్లేటుకు ఉండే నాలుగు బోల్టుల్లో ఒకటి, 5 మిల్లీమీటర్ల లావు ఉండేది, దాన్ని స్కూటర్ చక్రం నట్టు బిగించినట్టు బిగించాను. బోల్టు వెనక్కి తిప్పి తీస్తే స్టెమ్ లోపలి అల్యూమినియం మరలు సన్నటి స్ప్రింగు ముక్కలాగా దానికి చుట్టుకుని బయటికొచ్చాయి. రామప్ప ప్రయాణం అక్కడే ఆగింది, స్టెమ్ కొత్తది కొన్నాను.

ఈ ముచ్చట పక్కింటి మామకు చెప్పాను. ఆయన కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. "గంత బలమెందుకు పెట్టినవ్ బిడ్డా, అదేమన్న రైలింజనా?" అని నవ్వి, కాసేపాగి, "ఇంజన్‌కు గూడ మేం లెక్క ప్రకారమే బిగిస్తుంటిమి" అన్నాడు. ఆ లెక్క చెప్పే పానానే టార్క్ రెంచ్. నేను కొన్నది రెండు వేల లోపుది. మూడేళ్ల నుంచి వాడుతున్నాను, దాని వంకరలన్నీ నాకు తెలుసు, అవి కూడా చెప్తాను.

ఏళ్ల తరబడి షాపులో కూర్చున్న మెకానిక్‌కు చెయ్యే కొలత, అది కాదనను. మనం మాత్రం నెలకోసారి బోల్టు ముట్టుకునేవాళ్లం, పైగా ఇనుప సైకిళ్ల మీద నేర్చిన చేతులు. చిన్నప్పుడు అద్దె సైకిళ్ల షాపులో మేం చూసిందంతా పెడల్ కడ్డీని ఇరుసుకు పట్టే కాటర్ పిన్నును సుత్తితో దిగ్గొట్టడం, ఇరుసు నట్టు మీద పానా పెట్టి కాలితో తొక్కడం. ఆ సైకిళ్లు తట్టుకునేవి. అల్యూమినియం అంత తట్టుకోదు, కార్బన్ అయితే చెప్పకుండానే పగులుతుంది.

ముందు ఒక చిన్న లెక్క

టార్క్ అంటే తిప్పుడు బలం. ఎంత దూరంలో పట్టుకుని ఎంత బలంతో లాగుతున్నామో రెండూ గుణిస్తే అది వస్తుంది. సైకిల్ భాగాల మీద దీన్ని న్యూటన్ మీటర్లలో రాస్తారు, ఇక్కడ పొట్టిగా ఎన్ఎం అంటాను. ఇంట్లో వాడుకోవడానికి ఒక సులువైన లెక్క గుర్తుపెట్టుకోండి: కిలోలను సెంటీమీటర్లతో గుణించి పదితో భాగిస్తే దాదాపుగా ఎన్ఎం వస్తుంది. కచ్చితంగా కావాలంటే పదితో భాగించే బదులు 0.098తో గుణించండి, అంతే తేడా.

ఇప్పుడు చూడండి. స్టెమ్ బోల్టుకు మామూలుగా కావాల్సింది 5 ఎన్ఎం. 25 సెంటీమీటర్ల రెంచ్ చివర 2 కిలోల బరువు పెడితే అయిపోతుంది, అంటే రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి. అదే పది సెంటీమీటర్ల అలెన్ కీ అయితే చివర 5 కిలోలు. అలెన్ కీ అంచు పట్టుకుని పళ్లు బిగబట్టి తోసేటప్పుడు మన చెయ్యి 5 కిలోల దగ్గర ఆగుతుందా? నాది ఆగదని రెంచ్ వచ్చాక తెలిసింది. నాకు 'సరిపోయింది' అనిపించేది తొమ్మిది, పది దగ్గర.

చవక రెంచ్ విషయంలో అందరూ అడిగే ప్రశ్న, అది కరెక్టుగా చూపిస్తుందా అని. కాస్త అటూఇటూ చూపిస్తుంది. 5 పెడితే 4.7 రావచ్చు, 5.4 రావచ్చు. మంచి కంపెనీ రెంచ్‌లకు కూడా ఐఎస్ఓ 6789 ప్రమాణం 10 ఎన్ఎం లోపు ఆరు శాతం, అంతకుమించితే నాలుగు శాతం తేడాను ఒప్పుకుంటుంది. మనం తప్పించాల్సింది 5 పెట్టాల్సిన చోట 10 పెట్టడం, 40 పెట్టాల్సిన చోట 20తో సరిపెట్టడం. ఆ పనికి చవకది చాలు. కాకపోతే దాన్ని కళ్లుమూసుకుని నమ్మకండి, ఒకసారి పరీక్ష పెట్టండి, ఎలాగో కింద చెప్తాను.

ఏది కొనాలి

హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి టార్క్ రెంచ్ అంటే అరగజం పొడవున్నది తీసి చూపిస్తారు. అది అర అంగుళం కట్టది (కట్ట అంటే బోల్టులో దిగే బిట్టును తొడిగే చదరపు మొన), 28 నుంచి 210 ఎన్ఎం దాకా పోతుంది, కార్ల చక్రాలకు, లారీలకు. మనకు కావాల్సిన 5 దాని స్కేలు మీదే లేదు. పావు అంగుళం కట్ట ఉన్నది, 2 నుంచి 20 లేదా 24 వరకు స్కేలు ఉన్నది అడగండి. 5 నుంచి 25 ఉన్నది కూడా దొరుకుతుంది కానీ స్కేలు మొదట్లోనే పనిచేయించడం మంచిది కాదు, ఏ రెంచ్ అయినా తన స్కేలు అడుగు భాగంలోనే ఎక్కువ తప్పుతుంది, మన పనులేమో ఎక్కువ 4, 5, 6 దగ్గరే ఉంటాయి.

రకాలు చూస్తే, ముల్లు రకం ఒకటి ఉంది. ఒక కడ్డీ వంగుతుంటే పక్కనున్న ముల్లు స్కేలు మీద జరుగుతుంది. అందులో పాడయ్యేది ఏమీ లేదు, ముల్లు సున్నా దగ్గర లేకపోతే వేలితో కొంచెం వంచి సున్నాకు తేవచ్చు, ఎడమకూ కుడికీ రెండువైపులా పనిచేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే తల నిటారుగా పైనుంచి పెట్టి చూడాలి, సైకిల్ కింద వంగి బోల్టు బిగించేటప్పుడు అది కుదరదు. క్లిక్ రకం, పిడి తిప్పి అంకె పెట్టుకుంటే ఆ బలం రాగానే టక్‌మంటుంది. నేను వాడేది ఇదే, ఈ రాత కూడా ఎక్కువగా దీని గురించే. 4, 5, 6 అని మూడే అంకెలతో వచ్చే పొట్టి రకం కూడా ఉంది, హ్యాండిల్, సీటు తప్ప వేరే పని చేయనివాళ్లకు అదే హాయి.

ఇంకో మాట, చవక సెట్టులో రెంచ్ కంటే ముందు దెబ్బతినేవి దానితో వచ్చే బిట్లు. మెత్తటి ఇనుముతో చేసి ఉంటాయి, నాలుగో నెలకే నా 4 నంబరు బిట్టు మూలలు గుండ్రమయ్యాయి, అలాంటి బిట్టు బోల్టు తలను కూడా తినేస్తుంది. 3, 4, 5, 6 నంబర్ల అలెన్ బిట్లు, టీ25 నక్షత్రం బిట్టు ఒకటి, ఎస్2 ఉక్కువి విడిగా కొనుక్కోండి. కొంచెం పొడుగువైతే ఫ్రేముకు తగలకుండా లోపలికి పోతాయి.

కొన్నరోజే పరీక్ష

దీనికి కావాల్సింది సామాన్లు తూచే కొక్కెం తూకం. ఊళ్లకు పోయేటప్పుడు సూట్‌కేసు తూచుకునేది, 50 కిలోల దాకా చూపించే డిజిటల్‌ది. దాన్ని ముందు రెండు లీటర్ల నీళ్ల సీసాతో సరిచూసుకోండి, లీటరు నీళ్లు కిలో కాబట్టి సీసా బరువు పోను 2 కిలోలు చూపించాలి.

ఇప్పుడు రెంచ్ కట్టకు బిట్టు పెట్టి, ఎక్కడైనా గట్టిగా బిగిసి ఉన్న బోల్టులో దింపండి. బెంచ్ వైస్ ఉంటే సరే, నాకు లేదు, పాత స్టెమ్‌ను చెక్కకు బిగించి దానిలో ఒక బోల్టు వాడాను. రెంచ్ నేలకు సమాంతరంగా పడుకుని ఉండాలి, బోల్టు నిలువుగా. ఎందుకంటే రెంచ్‌ను నిలువు గోడ మీది బోల్టుకు పెట్టి సీసా వేలాడదీస్తే రెంచ్ సొంత బరువు కూడా కలుస్తుంది, అరకిలో రెంచ్ అయితే దాదాపు అర ఎన్ఎం అక్కడే పోతుంది. పడుకోబెట్టి పక్కకు లాగితే ఆ గొడవ ఉండదు.

పిడి మధ్యలో ఒక గీతో, పట్టు ఉన్న చోటో ఉంటుంది. కట్ట నడిమధ్య నుంచి అక్కడికి టేపుతో కొలవండి. నాది 22 సెంటీమీటర్లు. అక్కడ ఒక తాడు కట్టి, కొక్కెం తగిలించి, రెంచ్‌కు అడ్డంగా, సరిగ్గా మూలమట్టంలో, మెల్లగా లాగాలి. టక్‌మన్నప్పుడు తూకం మీద ఎంత ఉందో చూడాలి, అది కంటికి అందదు, మా తమ్ముణ్ని ఫోన్‌లో వీడియో తీయమన్నాను, తర్వాత ఆపి చూసుకున్నాం. లెక్క మొదలుపెట్టే ముందు నాలుగైదు సార్లు ఊరికే టక్‌మనిపించండి, చాలాకాలం డబ్బాలో ఉన్న రెంచ్ లోపల గ్రీజు పట్టేసి మొదటి రెండు మూడు సార్లు ఎక్కువ చూపిస్తుంది.

నాది 5 దగ్గర పెడితే 2.4 కిలోలకు టక్‌మంది. 2.4ను 22తో, మళ్లీ 0.098తో గుణిస్తే 5.2. పది దగ్గర 10.3. మూడు దగ్గర మాత్రం 3.5 వచ్చింది, చెప్పానుగా, స్కేలు అడుగున తప్పు ఎక్కువ. ఈ మూడు అంకెలూ ఒక చీటీ మీద రాసి డబ్బా మూత లోపల అంటించాను. కంపెనీవాళ్లు డబ్బాలో పెట్టిన సర్టిఫికెట్ కన్నా ఈ చీటీ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

అంకె పెట్టడం

పిడి అడుగున ఉన్న తాళం చుట్టు వదులు చేసి, పిడి తిప్పితే, రెంచ్ కడ్డీ మీది పెద్ద స్కేలు ఒక్కో గీత బయటపడుతుంది, పిడి అంచు మీద చిన్న స్కేలు చుట్టూ తిరుగుతుంది. పెద్ద స్కేలు మీద 4 గీత దగ్గర పిడి అంచు ఉండి, చిన్న స్కేలు సున్నా నిలువు గీతకు వస్తే అది 4. అక్కడి నుంచి చిన్న స్కేలు మీద ఒకటి జరిపితే 5. మీ రెంచ్‌లో చిన్న గీత విలువ ఎంతో దాని కాగితంలో చూడండి, 0.2 కూడా ఉండొచ్చు.

ఒక జాగ్రత్త. చాలావాటికి కడ్డీ ఒకవైపు ఎన్ఎం, రెండోవైపు అంగుళం పౌండ్లు ఉంటాయి. 5 ఎన్ఎం అంటే 44 అంగుళం పౌండ్లు. పొరపాటున ఆ వైపు చూసి 5 వెతికితే దొరకదు కాబట్టి మనం బతికిపోతాం, కానీ 20 పెట్టాల్సినప్పుడు అటు 20 పెడితే రెండున్నర కూడా ఉండదు. పాత భాగాల మీద కేజీఎఫ్ సెంటీమీటర్లలో రాసి ఉంటుంది, 50 అని ఉంటే దాన్ని 5 ఎన్ఎం అనుకోండి.

ఇక టక్ సంగతి. పెద్ద రెంచ్‌లు గట్టిగా చప్పుడు చేస్తాయి. 4, 5 దగ్గర చిన్న రెంచ్ చేసే చప్పుడు వేలి కణుపు విరిచినంత కూడా ఉండదు, చెవికన్నా చేతికే ముందు తెలుస్తుంది, పిడి ఒక వెంట్రుకవాసి జారినట్టు. ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి. మొదటిసారే సైకిల్ మీద పెట్టకుండా పాత బోల్టు మీద పదిసార్లు సాధన చేయండి. నా పాత స్టెమ్‌లో థ్రెడ్ పోని మూడు బోల్టులు ఇందుకే పనికొచ్చాయి, అంతా నష్టమేం కాలేదు.

స్టెమ్ ముందుప్లేటు, నిదానంగా

మీ స్టెమ్ మీద చిన్న అక్షరాల్లో మ్యాక్స్ 5 ఎన్ఎం అనో, 6 అనో రాసి ఉంటుంది. మ్యాక్స్ అని ఉంటే అది దాటకూడని గీత, అక్కడిదాకా పోయి తీరాలని కాదు. మ్యాక్స్ 5 ఉంటే 4తో మొదలుపెట్టి, హ్యాండిల్ జారకపోతే అక్కడే వదిలేయండి.

నాలుగు బోల్టులూ పూర్తిగా బయటికి తీయండి. మే నెలలో తొక్కినవాళ్లయితే చూడండి, నుదుటి చెమట కారి సరిగ్గా అక్కడే పడుతుంది, బోల్టు తలల్లో ఎర్రటి తుప్పు పేరుకుని ఉంటుంది. గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో మరలు రుద్ది, అగ్గిపుల్ల మొనతో గ్రీజు కొంచెం మరల మీద, కొంచెం బోల్టు తల అడుగున రాయండి. ఎందుకంటే మనం పెట్టే తిప్పుడు బలంలో సుమారు పదో వంతే బోల్టును లాగి పట్టడానికి పోతుంది, దాదాపు సగం తల అడుగున రాపిడికి, మిగతాది మరల రాపిడికి ఖర్చయిపోతుంది. తుప్పు పట్టిన బోల్టు 5 దగ్గర టక్‌మన్నా లోపల వదులుగానే ఉండొచ్చు. దీనికి తిరగేసి, బాగా గ్రీజు రాసిన బోల్టు అదే 5కు ఎక్కువ బిగుస్తుంది, అందుకే గ్రీజు రాసినప్పుడు చెప్పిన అంకెల్లో చిన్నది ఎంచుకోవడం నా అలవాటు. బోల్టు మరల మీద ముందే నీలం మందు పూసి ఉంటే గ్రీజు పెట్టకండి, అది వదులు కాకుండా ఉండటానికి పూసింది.

నాలుగింటినీ వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లతో మూడు చుట్లు హాయిగా తిరగకపోతే అది వంకరగా ఎక్కుతోందని అర్థం, తీసి మళ్లీ పెట్టండి, పానాతో మాత్రం తోయకండి. తర్వాత మామూలు అలెన్ కీతో ప్లేటు హ్యాండిల్‌కు ఆనేవరకు, నాలుగూ కొంచెం కొంచెం. ఇక్కడ ఆగి పక్కనుంచి చూడండి, ప్లేటుకూ స్టెమ్‌కూ మధ్య పైన ఎంత సందు ఉందో కిందా అంతే ఉండాలి. కొన్ని స్టెమ్‌లకు పై బోల్టులు పూర్తిగా మూసి కిందివే బిగించాలని రాసి ఉంటుంది, అలా ఉంటే దాని మాటే వినండి.

ఇప్పుడు రెంచ్ 3 మీద పెట్టండి. పిడి మధ్యలో పట్టుకుని, తలను రెండో చేతి వేళ్లతో బోల్టు మీద ఆనించి, మెల్లగా లాగండి. క్రమం: పై ఎడమ, కింది కుడి, పై కుడి, కింది ఎడమ. బండి చక్రానికి నట్లు బిగించేటప్పుడు ఎదురెదురుగా పోతారు కదా, అలాగే. టక్‌మనగానే ఆగాలి. రెండోసారి నొక్కి చూద్దాం, ఇంకోసారి అనిపిస్తుంది, నొక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం ఎక్కిపోతుంది. ఒక రౌండు అయ్యాక 4 పెట్టి మళ్లీ అదే క్రమం. నాలుగో బోల్టు బిగిశాక మొదటిది కాస్త వదులయి ఉంటుంది, అందుకే చివరి అంకె దగ్గర రెండు రౌండ్లు తిరగాలి, రెండో రౌండులో ఏ బోల్టూ కదలకుండానే టక్‌మంటే పని అయినట్టు.

పరీక్ష సులువు. సైకిల్ ముందు నిలబడి, బ్రేకు లివర్ల మీద రెండు చేతులూ పెట్టి ఒంటి బరువు కొంచెం వేయండి. హ్యాండిల్ కిందికి తిరిగితే ఇంకో అర ఎన్ఎం. 5 దగ్గర కూడా తిరుగుతోందంటే ఇక బిగించడం ఆపి, హ్యాండిల్ సైజూ స్టెమ్ సైజూ ఒకటేనా, మధ్యలో గ్రీజు పడిందా అని చూడండి.

స్టెమ్ వెనక ఉండే రెండు పక్క బోల్టులకు ఇంకో సంగతి ఉంది. చాలామంది పైమూత బోల్టును గట్టిగా బిగించి, హ్యాండిల్ తిరగకుండా బిర్రయిపోయిందని కంగారు పడతారు. ఆ పైమూత ఫోర్కు ఆట, అంటే వదులుగా కదలడం, తీయడానికి మాత్రమే. పక్క బోల్టులు వదిలేసి, పైమూత కొంచెం కొంచెం తిప్పుతూ, ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, హెడ్‌సెట్ దగ్గర, అంటే ఫోర్కు ఫ్రేములో తిరిగే చోట, వేలు పెడితే ఆట ఉందో లేదో తెలుస్తుంది. ఆట పోయి, హ్యాండిల్ దానంతట అదే తిరుగుతుండగానే ఆగాలి. దీనికి రెంచ్ అక్కర్లేదు. తర్వాత హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా తెచ్చి, పక్క బోల్టులు రెండూ మార్చి మార్చి, 3, 4, చివరికి దాని మీద రాసిన అంకె. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి, మామూలు బలానికి జారకూడదు.

మిగతావి

సీటు రాడ్డు క్లాంపు సాధారణంగా 5, 6 మధ్య ఉంటుంది. కార్బన్ రాడ్డు అయితే రాసినదానికి అస్సలు పైకి పోవద్దు, గ్రీజుకు బదులు కార్బన్ పేస్టు, ఇసుకలా గరగరలాడుతుంది, అది రాస్తే తక్కువ బిగింపుతోనే పట్టుకుంటుంది. రాడ్డు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి పెట్టండి, పది కిలోమీటర్ల తర్వాత ఆ గీత కిందికి పోయిందో లేదో చూస్తే చాలు.

బ్రేకు కాలిపర్‌ను (చక్రాన్నో బిళ్లనో నొక్కి పట్టే భాగం) ఫ్రేముకు పట్టే బోల్టులు 6 నుంచి 8. గేరు తీగను, బ్రేకు తీగను పట్టే చిన్న బోల్టులు 6, 7. వెనక డీరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు జరిపేది) బోల్టు 8 నుంచి 10. నీళ్ల సీసా స్టాండుకు 2, 3 చాలు, దానికి రెంచ్ తీయకండి, అలెన్ కీని రెండు వేళ్లతో తిప్పండి. డిస్క్ బ్రేకు బిళ్లకు ఆరు టీ25 స్క్రూలు ఉంటాయి, ఇక్కడ కంపెనీని బట్టి అంకె మారుతుంది: షిమానో 2 నుంచి 4 అంటుంది, స్రామ్ 6.2 అంటుంది. ఒకదాని అంకె ఇంకోదానికి పెట్టకండి.

షిమానో హాలోటెక్ రకం క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఉంటే ఎడమ క్రాంక్ మీద రెండు బోల్టులు, 12 నుంచి 14, ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, మార్చి మార్చి. ఈ చిన్న రెంచ్ చేసే పెద్ద పని ఇదే. దీని పక్కనుండే ప్లాస్టిక్ మూతకు 0.7 నుంచి 1.5 మాత్రమే, అంత తక్కువ మన రెంచ్ చూపదు, వేళ్లతో ఆనించి వదిలేయడమే.

రెంచ్‌కు అందనివి

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువ బిగించకుండా ఉండటం గురించి. పెద్ద బోల్టుల దగ్గర మనం చేసే తప్పు రివర్సులో ఉంటుంది, సరిపోను బిగించం. చతురస్రపు ఇరుసు మీద కూర్చునే క్రాంక్ బోల్టుకు షిమానో చెప్పేది 35 నుంచి 50 ఎన్ఎం. పెడల్‌కు 35 నుంచి 55. వెనక పళ్లచక్రాల గుత్తిని (క్యాసెట్) పట్టే లాక్ రింగుకు 30 నుంచి 50. గట్టిగా బిగించాననుకున్న నా ఎడమ క్రాంక్ ఒకసారి ఆత్మకూరు దాటాక టకటక కొట్టడం మొదలుపెట్టింది, ఇంటికి పోయాక చూద్దాంలే అని తొక్కాను. ఇంటికొచ్చి చూస్తే అల్యూమినియం క్రాంక్ లోపలి చదరపు రంధ్రం మూలలు అరిగి దాదాపు గుండ్రమైపోయింది. వదులు క్రాంక్‌ను ఒక్క కిలోమీటరు కూడా తొక్కకండి.

వీటికోసం ఇంకో పెద్ద రెంచ్ కొనవచ్చు, కొనకుండా కూడా పని నడుస్తుంది. ఆ కొక్కెం తూకమే మళ్లీ తీయండి. పొడుగు పానా లేదా అలెన్ కీ బోల్టుకు పెట్టి, బోల్టు మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర తాడు కట్టి, మూలమట్టంలో లాగితే, తూకం 20 కిలోలు చూపినప్పుడు 40 ఎన్ఎం వచ్చినట్టే. పెడల్ పానా 30 సెంటీమీటర్లయితే 12 కిలోలకే 36. బలం లాగేటప్పుడు సైకిల్‌ను ఇంకొకరు పట్టుకోవాలి, కొక్కెం జారితే మీ పిడికిలి చైన్‌రింగు పళ్ల మీదికి పోతుంది, కాబట్టి ముందు చైను పెద్ద రింగు మీదికి వేసుకోండి.

ఈ తూకం పద్ధతికి ఇంకో లాభం ఉంది. ఎడమ పెడల్‌కు మరలు తిరగేసి ఉంటాయి, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. చాలా సైకిళ్లకు కుడివైపు బాటమ్ బ్రాకెట్ కప్పు (క్రాంకుల ఇరుసు తిరిగే చోట ఉండేది) కూడా అంతే. చవక క్లిక్ రెంచ్‌లు ఎక్కువ శాతం కుడివైపుకే టక్‌మంటాయి, ఎడమకు తిప్పితే టక్‌మనకుండా అలాగే బిగిస్తూ పోతాయి, మీరు టక్ కోసం ఎదురుచూస్తూ లాగుతూనే ఉంటారు. ఎడమ మరలకు దాన్ని వాడకండి, కొక్కెం తూకానికి ఎడమా కుడీ అన్న పట్టింపు లేదు.

మీది కాటర్ పిన్ను ఉన్న పాత ఇనుప సైకిల్ అయితే క్రాంక్ దగ్గర టార్క్ రెంచ్‌కు పనే లేదు, అక్కడ సుత్తిదే రాజ్యం. ఇరుసు నట్లకు మాత్రం తూకం పద్ధతి పనికొస్తుంది, వెనక చక్రానికి 30 నుంచి 45.

బిగిసి ఉన్న బోల్టును చెక్ చేయడం

చాలామంది రెంచ్ కొన్న మొదటిరోజు సైకిల్ మీదున్న ప్రతి బోల్టుకూ దాన్ని పెట్టి టక్‌మనిపించి, అన్నీ బాగున్నాయని సంతోషిస్తారు. నేనూ చేశాను. అది చెక్ చేసినట్టు కాదు. 8కి బిగించి ఉన్న బోల్టు కూడా 5 దగ్గర కదలకుండా టక్‌మంటుంది, అది ఎంత ఎక్కువ బిగిసిందో రెంచ్ చెప్పలేదు. తుప్పుతో పట్టుకున్నదీ అంతే. నిజంగా తెలుసుకోవాలంటే మామూలు అలెన్ కీతో అర చుట్టు వదులు చేసి, రెంచ్‌తో మళ్లీ బిగించాలి.

వదులు చేయడానికి మామూలు అలెన్ కీ అన్నాను, చూశారా? క్లిక్ రెంచ్‌తో బోల్టులు ఊడదీయకూడదు. మొండిగా పట్టిన బోల్టుకు దాని స్కేలు దాటిన బలం పడితే లోపలి స్ప్రింగు, దాని ముందున్న చిన్న దిమ్మ లెక్క తప్పుతాయి, బయటికి ఏమీ కనపడదు. పని అయ్యాక పిడి తిప్పి స్కేలులో అన్నిటికన్నా కింది అంకెకు తేవాలి, స్ప్రింగు ముడుచుకుని ఉండిపోకుండా. అంతకన్నా కిందికి తిప్పి వదులు చేయకండి, లోపలి ముక్కలు కదిలిపోతాయి. కింద పడేయొద్దు, నూనె పోయొద్దు. ప్రమాణం ప్రకారం 5,000 సార్లు టక్‌మన్నాకో, ఏడాదికోసారో మళ్లీ సరిచూడాలి, ఇంట్లో వాడేవాళ్లకు ఏడాదే ముందొస్తుంది. నేను ఉగాదికి పెట్టుకున్నాను, గుర్తుంటుందని.

పోయినసారి ఉగాదికి ముందే పరీక్ష పెట్టాల్సి వచ్చింది. నేను ఇంట్లో లేనప్పుడు మా తమ్ముడు స్కూటర్ సైలెన్సర్ బోల్టు ఊడట్లేదని ఇదే రెంచ్ తీసుకుని, పిడికి పైపు తొడిగి లాగాడట. "మంచిగనే ఊడిందన్నా" అన్నాడు. తూకం పెట్టి చూస్తే, అంతకుముందు 2.4 కిలోలకు టక్‌మనే 5, ఇప్పుడు 2.8కి అంటోంది, అంటే 6 ఎన్ఎం. మూడుసార్లు లాగినా అంతే. పారేయలేదు. డబ్బా మూత లోపలి పాత చీటీ పీకేసి కొత్తది అంటించాను: 5 కావాలంటే 4 పెట్టి, తూకంతో చూసుకోవాలి. దాని కింద వాడి చేతే రాయించాను, ఊడదీయడానికి ముట్టుకోవద్దు అని.